చూచు పెట్టె ఆడు పెట్టెయైన విధము

టెలివిజను ఇండ్లలోనికి వచ్చిన తొలి దినములలో ప్రేక్షకుని పని చూచుట మాత్రమే. ప్రసార కేంద్రము పంపిన దృశ్యమును మార్చుటకు వానికి వీలు లేదు. ఈ పెట్టెతో ఆటలేల ఆడరాదని 1966లో అమెరికాలో ఆలోచించినవాడు రాల్ఫ్ బేర్ అను ఇంజనీరు. నాజీల పీడన వలన 1938లో జర్మనీ విడిచి వచ్చిన కుటుంబమువాడితడు.

ఆనాటి టెలివిజను తెరపై ఎలక్ట్రాను పుంజము ఎడమనుండి కుడికి, పైనుండి క్రిందికి గీతలు గీయుచు పోయెడిది. పుంజము ఒక స్థానమునకు చేరిన క్షణముననే విద్యుత్ స్పందము నందించినచో అచ్చట కాంతిచుక్క మెరయును. ఆ క్షణమును ముందువెనుకలకు జరిపినచో చుక్కయు జరుగును. బేర్ ఆటలకు మూలసూత్రమిదియే.

1972లో మాగ్నవాక్స్ సంస్థ ఈ యంత్రమును ‘ఒడిస్సీ’ యను పేర విక్రయించెను. అందు కంప్యూటరు లేదు, ధ్వని లేదు. గెలుపోటములను ఆటగాండ్రే లెక్కించుకొనవలెను. క్రీడారంగము ముద్రించిన ప్లాస్టిక్ రేకును తెరకు అంటించి ఆడెడివారు. 1977లో వచ్చిన అటారీ యంత్రమున మైక్రోప్రాసెసరు చేరినది. చిన్న పేటికను మార్చినచో ఆటయే మారెడిది. నాసిరకపు ఆటలు వెల్లువెత్తి 1983లో అమెరికాలో ఈ వ్యాపారము కూలిపోగా, జపానుకు చెందిన నింటెండో 1985లో అచ్చటికి తన యంత్రమును తెచ్చి దానిని నిలబెట్టెను.

అంతవరకు ప్రసార కేంద్రముల అధీనములోనున్న తెర ఆ విధముగా ఇంటివారి చేతికి వచ్చినది. తెలిసిన సూత్రమును క్రొత్త పనికి వినియోగించుటయు నూతన సృష్టియేనని ఈ చరిత్ర తెలుపుచున్నది.