కొలత చేతిది, పంపకం జడ్డిగానిది

రాయలసీమ మెట్టసేద్యంలో విత్తనాన్ని సాళ్లకు సమంగా పంచే పనిముట్టు జడ్డిగం. గొర్రు మీద నిలబెట్టే కొయ్యగిన్నె ఇది. కర్నూలు, కడప జిల్లాల్లో కొర్ర, జొన్న, శనగ తరతరాలుగా దీని కన్నాల గుండానే నేలలో పడ్డాయి.

ఒకే మొద్దును తొలిచి చేసే ఈ గిన్నెకు మధ్యలో చిన్న ఉబ్బు, దాని చుట్టూ గొర్రు పళ్లు ఎన్నో అన్ని కన్నాలు ఉంటాయి. ఒక్కో కన్నం నుంచి ఒక్కో వెదురు గొట్టం పంటి దాకా దిగుతుంది. ఎద్దులు లాగుతుంటే గొర్రు వెనకే నడిచే మనిషి, ఎక్కువగా ఆడమనిషే, ఒడిలోంచి పిడికెడు విత్తనం తీసి వేళ్ల సందున జారవిడుస్తుంది. గింజలు ఉబ్బు మీద పడి చుట్టూ చెదిరి కన్నాల్లోకి దిగిపోతాయి. వెనకే గుంటక తోలి సాలు కప్పేస్తారు. ఎంత పడాలో తేల్చేది చెయ్యి, ఏ సాలుకు ఎంతో తేల్చేది గిన్నె. కన్నాలు ఒకే కొలతలో, ఒకే వాలులో లేకపోతే ఒక సాలు ఒత్తుగా, పక్క సాలు పలచగా మొలుస్తుంది. వడ్రంగి పనితనమంతా అక్కడే తెలిసిపోతుంది.

చేతి లెక్క ఎంత సన్ననిదో కొర్ర విత్తేటప్పుడు చూడాలి. ఎకరాకు రెండు కిలోల విత్తనం చాలు. పళ్ల మధ్య 25 సెంటీమీటర్ల ఎడం ఉన్న నాలుగు పళ్ల గొర్రు ఒక్కో పోకకు మీటరు వెడల్పు విత్తుతుంది. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి నడక నాలుగు కిలోమీటర్లు దాటుతుంది. మీటరు నడకకు పడాల్సింది అర గ్రాము, అంటే సుమారు 200 గింజలు, సాలుకు 50. అంత తక్కువ విత్తనాన్ని పిడికిలితో అదుపు చేయడం కష్టం కనుక అందులో మూడింతలు పొడి ఇసుక కలుపుతారు. అప్పుడు చేతిలోంచి జారేది నాలుగింతలవుతుంది, చెయ్యి కాస్త తడబడినా విత్తనంలో వచ్చే తేడా నాలుగో వంతుకు తగ్గుతుంది. ఇంత చక్కటి ఉపాయానికి ఖర్చు కాస్త ఇసుకే.

నల్లరేగడిలో శనగ లెక్క వేరు. ఎకరాకు 25 కిలోలు, సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లు. వంద గింజలు 22 గ్రాముల దాకా తూగే జేజీ-11 రకమైతే సాలులో మీటరుకు ఎనిమిది గింజలు పడితే సరి. కొర్రలో కంది వేసేటప్పుడు ఆరు పళ్ల గొర్రుకు ఒక కన్నం మూసి, ఆ సాలులో కందిని విడిగా మరో గొట్టంతో వదిలితే ఐదు సాళ్లకు ఒక సాలు కంది వస్తుంది.

ఇదే పనికి ఇంగ్లండులో జెత్రో టల్ 1701లో విత్తన యంత్రం తయారుచేశాడు. అందులో కొలత చేతిది కాదు. చక్రంతో పాటు తిరిగే గాడుల ఇరుసుది. దక్షిణ భారతంలో గొర్రుతో విత్తడం చూసిన కెప్టెన్ థామస్ హాల్కాట్, అప్పటిదాకా ఈ పద్ధతి ఐరోపావారి కొత్త కల్పన అనుకున్నానని రాశాడు. ఆయన రాత 1797లో బ్రిటన్ వ్యవసాయ మండలి ప్రచురణలో వచ్చింది. చరిత్రకారుడు ధరంపాల్ 1971లో తెచ్చిన పుస్తకంలో మళ్లీ అచ్చయింది. గొర్రును మెచ్చుకున్న రాతలున్నాయి గానీ, విత్తనం పోసిన ఆడవాళ్ల పేర్లు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. యంత్రంలో గాడుల ఇరుసు చేసే పనిని ఇక్కడ చేసింది వాళ్ల వేళ్లే.

ట్రాక్టర్ గొర్రులో ఆ పని గాడుల రోలర్‌కు మారింది. పొలంలో దింపే ముందు చక్రాన్ని పైకెత్తి లెక్కపెట్టి తిప్పుతారు. ప్రతి గొట్టం కింద సంచి కట్టి, పడిన విత్తనం తూచి, చక్రం చుట్టుకొలతతో, గొర్రు వెడల్పుతో లెక్కగట్టి రోలర్‌ను సరిచేస్తారు. వేరుశనగ పప్పు రోలర్‌లో నలిగి పగులుతుంది. అందుకే దానికి గుంటలున్న వాలు పళ్లెం బిగిస్తారు. పళ్లెం తిరుగుతుంటే గుంటకో గింజ పైకి వచ్చి గొట్టంలో పడుతుంది.