బండి వెనక కాపలా: క్లీనర్ కేక నుంచి కెమెరా తీగ దాకా

లాక్కెళ్లే బండి వెనక ఏముందో ముందు కూర్చున్నవాడికి కనిపించదు. ట్రాక్టర్‌కు ట్రాలీ తగిలించినా, జీపుకు కారవాన్ తగిలించినా, పొడుగాటి ట్రైలర్ మీద యంత్రం ఎక్కించినా చిక్కు ఒకటే. తగిలించిన దాని ముందు గోడే అద్దం నిండా కనిపిస్తుంది. ఆ గోడకు అవతల పిల్లవాడున్నాడో, గేదె ఉందో, వాగు గట్టు ఉందో తెలియాలంటే అక్కడ ఒక కన్ను ఉండాలి. ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ మీదుగా భద్రాచలం అడవి అంచు దాకా సాగే దారుల్లో నూరేళ్లకు పైగా ఆ కన్ను మనిషిదే. కెమెరా వచ్చింది ఇటీవలే. ఆ మనిషి ఏ పని చేశాడో తెలిస్తే, కెమెరా చేయాల్సిన పని ఏమిటో, దానికి తీగ ఎలా లాగాలో తేలిగ్గా అర్థమవుతుంది.

ఈ ప్రాంతంలో చాలాకాలం బరువు సరుకుకు నదే పెద్ద దారి. గోదావరికి కుడి ఒడ్డున బూర్గంపాడు వైపు నిజాం రాజ్యం, ఎడమ ఒడ్డున భద్రాచలం. భద్రాచలం తాలూకా 1860లో ఇంగ్లీషువారి ఎగువ గోదావరి జిల్లాలో చేరి, 1874లో మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాకు మారింది. అడవిలో కొట్టిన టేకు, వెదురు తెప్పలు కట్టుకుని శబరి, గోదావరి మీదుగా రాజమండ్రికి దిగేవి. ఒడ్డు దాకా చేర్చేది మాత్రం ఎడ్లబండే. బండి కంటే పొడుగైన దూలం వేస్తే తోక వెనక్కి చాలా దూరం పొడుచుకొచ్చేది. మలుపులో అది ఎటు తిరుగుతుందో ముందు కూర్చుని తోలేవాడికి తెలియదు కాబట్టి వెనక ఒకడు నడిచేవాడు. రాత్రి ప్రయాణాల్లో బండి కింద కందీలు వేలాడేది. వెనక వచ్చే బండికి ముందొక బండి ఉందని అది తెలిపేది.

వెనక కాపలా జీతమున్న ఉద్యోగంగా మారింది బొగ్గుతోనే. భూగర్భ శాస్త్ర సర్వే అధికారి విలియం కింగ్ 1871లో ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ దక్కన్ కంపెనీ తవ్వకపు హక్కులు తీసుకుంది. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది. 1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. డోర్నకల్ వైపు సాగిన బొగ్గు రైళ్ల చివర గార్డు పెట్టె ఉండేది. లాక్కెళ్లే బండికి వెనక కన్ను ఎలా ఉండాలో ఇంత చక్కగా ఆలోచించిన ఏర్పాటు అప్పటికి మరొకటి లేదనే చెప్పాలి. గార్డు వెనక్కి చూస్తాడు, పచ్చజెండా, ఈల, దీపాలతో ముందున్న డ్రైవర్‌కు కబురు పంపుతాడు, అవసరమైతే బ్రేకు వేస్తాడు. చివరి పెట్టెకు రాత్రి ఎర్రదీపం, పగలు ఆఖరి పెట్టె అని తెలిపే పలక ఉంటాయి. ఆ గుర్తు కనిపించకపోతే రైలు మధ్యలో తెగిందేమోనని స్టేషన్లో అనుమానించాలి. అంటే చూపు, కబురు, వెలుగు, అదుపు అనే నాలుగూ ఒకే మనిషి చేతిలో ఉన్నాయి. 2022లో రైల్వే ఈ ఉద్యోగం పేరును ట్రైన్ మేనేజర్‌గా మార్చింది. కొన్ని గూడ్సు రైళ్లకు ఆ మనిషి బదులు చివరి పెట్టె చెక్కుచెదరకుండా ఉందని రేడియో ద్వారా చెప్పే పరికరం బిగిస్తున్నారు.

రోడ్డు మీద ఈ పని రెండు చేతుల్లోకి వెళ్లింది: బస్సులో కండక్టర్, లారీలో క్లీనర్. నిజాం రైల్వే 1932లో 27 బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా శాఖే తరవాతి ఆర్టీసీకి మూలం. కండక్టర్ ఒక గంట కొడితే బస్సు ఆగాలి, రెండు కొడితే కదలాలి. బస్సు వెనక్కి తీయాలంటే కండక్టర్ దిగి, వెనక నిలబడి ఈల వేయాలి. చెయ్యెత్తి ‘హోల్డాన్’ అంటే బస్సు ఆగిపోవాల్సిందే. టికెట్ యంత్రం డ్రైవర్ చేతికే ఇచ్చి కండక్టర్ లేకుండా నడిపే సర్వీసులు వచ్చాక ఆ ఈల వేసేవాడు బస్సులో లేడు.

లారీ క్లీనర్ పని ఇంకా కష్టం. పేరుకు తుడిచేవాడు గానీ, బండి ఎడమ భాగమంతా అతని బాధ్యతే. లారీవాళ్లు ఈనాటికీ ఎడమ వైపును ‘క్లీనర్ సైడ్’ అనే అంటారు. ఎడమ కిటికీలోంచి తల బయటపెట్టి దారి చూడటం, ఎత్తులో బండి ఆగితే చక్రం కింద రాయి వేయడం, రివర్సులో వెనక నిలబడి ‘రానీ, రానీ, ఇంకా రానీ’ అంటూ అరచేత్తో బాడీని చరుస్తూ ఉండటం. గట్టిగా ఒక్క చరుపు పడితే డ్రైవర్ కాలు బ్రేకు మీదికి వెళుతుంది. ఆ చప్పుడు ఇంజిను హోరులోనూ వినబడుతుంది, చీకట్లోనూ పనిచేస్తుంది. దాని ఖరీదు మాత్రం చిన్నది కాదు. వెనక్కి వచ్చే బండికీ గోడకూ మధ్య నిలబడేది అతనే, కాలు జారితే నలిగేదీ అతనే.

1965లో భద్రాచలం దగ్గర గోదావరి మీద వంతెన పూర్తయ్యేదాకా యాత్రికులు పడవలు, లాంచీలు ఎక్కి నది దాటారు. వంతెనతో అటు బస్తరు, ఇటు విజయవాడ కలిశాయి. ఒకప్పుడు 221వ నంబరుగా, ఇప్పుడు 30వ నంబరుగా పిలిచే జాతీయ రహదారి అదే. పాల్వంచలో కొత్తగూడెం థర్మల్ కేంద్రం 1960లలో, సారపాకలో కాగితపు మిల్లు 1979లో, అశ్వాపురంలో భారజల కర్మాగారం 1991లో పని మొదలుపెట్టాయి. వాటికోసం బాయిలర్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఉక్కు గోపురాలు ఈ అడవి దారుల్లోకి రావాల్సి వచ్చింది. మిల్లుకు వెదురు లారీలు బారులు తీరేవి. వెదుళ్ల చివర ఎర్రగుడ్డ కట్టడం ఆనవాయితీ. మోటారు వాహనాల చట్టం 1939 కింద పలు రాష్ట్రాలు రాసుకున్న నిబంధనలు ట్రైలర్‌కు అటెండెంట్లు ఉండాలన్నాయి. వారిలో ఒకరు చివరన కూర్చుని వెనక దారి స్పష్టంగా చూడగలగాలి, దాటబోయే బండ్లకు సైగ చేయగలగాలి, ముందున్న డ్రైవర్‌తో మాట్లాడగలగాలి. ఇప్పుడు కెమెరా నుంచి ఆశించే పనంతా ఈ ఒక్క నియమంలోనే ఉంది. కాకపోతే కెమెరా చూడగలదు, సైగ చేయలేదు.

బండికి కన్ను అమర్చాలన్న ఆలోచన మోటారు చరిత్రలో పాతదే. 1911లో ఇండియానాపోలిస్ పందెంలో రే హారౌన్ పక్కన మెకానిక్‌ను కూర్చోబెట్టుకోకుండా, కారుకు అద్దం బిగించుకుని నెగ్గాడు. వెనక చూసే మనిషి బదులు వస్తువు వచ్చిన పేరున్న తొలి సందర్భం అది. 1956లో జనరల్ మోటార్స్ ప్రదర్శనకు పెట్టిన బ్యూక్ సెంచూరియన్ కారు వెనక టీవీ కెమెరా ఉంది, అద్దం లేదు. అది అమ్మకానికి రాలేదు. అప్పటి కెమెరా గొట్టాలు పెద్దవి, సున్నితమైనవి, ఖరీదైనవి. 1969లో బెల్ ప్రయోగశాలలో సీసీడీ చిప్, 1990లలో నాసాకు చెందిన జెట్ ప్రొపల్షన్ ప్రయోగశాలలో నేటి సీమాస్ సెన్సర్ రూపుదిద్దుకున్నాకే వేలెడంత కెమెరా సాధ్యమైంది. 1991లో జపానులో టొయోటా సోరర్ కారుకు వెనక కెమెరా వచ్చింది. అమెరికాలో 2018 మే నుంచి కొత్త కార్లకు తప్పనిసరి. భారతదేశంలో 2019 జులై 1 నుంచి కొత్త కార్లకు రివర్స్ సెన్సర్లు తప్పనిసరి అయ్యాయి. సెన్సర్ బీప్ అని మోగుతుందే గానీ ఏముందో చూపదు. పైగా ఆ నియమం ట్రాలీల జోలికి రాలేదు.

ఈ ప్రాంతంలో పెద్ద బండికి వెనక చూపు ఎంత అవసరమో ముందుగా తేల్చిచెప్పింది సింగరేణి ఓపెన్‌కాస్ట్ గని. మణుగూరులో, సత్తుపల్లిలో, కోయగూడెంలో మట్టి, బొగ్గు మోసే డంపర్ చక్రం మనిషి కంటే ఎత్తు. దాని క్యాబిన్‌లో కూర్చున్నవాడికి వెనక ఆగిన జీపు కూడా కనబడదు. మట్టి గుట్ట అంచున వెనక్కి వచ్చి బరువు దింపేటప్పుడు దిశ చూపడానికి డంప్‌మ్యాన్ ఉంటాడు. అంటే లారీ క్లీనర్ పనే, ప్రమాదం మాత్రం ఎన్నో రెట్లు. గనుల భద్రతా శాఖ ఒత్తిడితో ముందు రివర్స్ హారన్, మెరిసే దీపం, తరవాత వెనక కెమెరా, దగ్గరికొస్తే హెచ్చరించే పరికరాలు ఇలాంటి యంత్రాల మీదికి చేరాయి. మనిషిని ప్రమాదపు చోటు నుంచి పక్కకు తీయడమే కెమెరా చేసిన గొప్ప మేలు. గని దీన్ని ముందు గుర్తించింది, రోడ్డు ఇంకా గుర్తించలేదు.

తగిలించిన బండికి కెమెరా బిగించడం కారుకు బిగించినంత తేలిక కాదు. కష్టమంతా హుక్కు దగ్గరే. కారులో తీగ ఒకే ఒంట్లో పరుగెత్తుతుంది. ట్రాలీలో రెండు ఒళ్ల మధ్య గాలిలో దాటాలి, మలుపులో సాగాలి, గుంటలో ఎగరాలి, బండి విప్పినప్పుడు ఊడాలి. బిర్రుగా లాగితే మొదటి మలుపులోనే తెగుతుంది. వదులుగా వదిలితే నేలకు రాసుకుని తోలు ఊడుతుంది. అందుకే అక్కడ స్ప్రింగులా చుట్టుకునే తీగ, మర బిగించే మూతున్న సాకెట్ వాడతారు. ట్రైలర్ దీపాలకు వాడే ఏడు పిన్నుల సాకెట్‌లో ఇండికేటర్లు, బ్రేకు దీపం, వెనక దీపం, ఎర్త్ ఉంటాయి. కెమెరా బొమ్మకు అందులో చోటు ఉండదు, దానికి వేరే సాకెట్ కావాలి. మామూలు వీడియో సంకేతం ఒక వోల్టు ఎత్తులోనే ఉంటుంది. ఇండికేటర్ తీగలతో కలిపి మామూలు తీగలో పంపితే బొమ్మ మీద గీతలు పరుగెడతాయి. లోహపు జాలీ చుట్టిన తీగలోనే దాన్ని పంపాలి.

ఎక్కువమంది తేలిగ్గా తీసుకునేది ఎర్త్‌నే. ట్రాలీ ఇనుమే కదా, హుక్కు పిన్ను ద్వారా కరెంటు తిరిగి వస్తుందని వదిలేస్తారు. పిన్నుకు గ్రీసు ఉంటుంది, తుప్పు ఉంటుంది, బండి నడుస్తుంటే సందు పడుతుంది. దీపాలు మసకబారతాయి, కెమెరా బొమ్మ ఆరి వెలుగుతుంది. బ్యాటరీ నుంచి ట్రాలీ దాకా ఎర్త్‌కు విడిగా తీగ లాగితే ఈ జబ్బుల్లో సగం పోతాయి. వోల్టేజీ సంగతీ చూసుకోవాలి. ట్రాక్టర్, జీపు 12 వోల్టులవి, పెద్ద లారీలు సాధారణంగా 24 వోల్టులవి. 12కే చేసిన కెమెరా లారీకి కలిపితే కాలిపోతుంది.

కరెంటు ఎక్కడ నుంచి తీయాలన్నది అంతకంటే ముఖ్యం. కార్లలో రివర్స్ దీపం తీగకు కలుపుతారు, గేరు వేస్తేనే బొమ్మ వస్తుంది. ట్రాలీకి ఆ పద్ధతి చాలదు. ముందుకు పోతున్నంతసేపూ లోపలి అద్దం గుడ్డిదే కాబట్టి కెమెరా ఎప్పుడూ వెలిగి ఉండాలి. తాళం తిప్పితే వచ్చే కరెంటు నుంచి ఫ్యూజు వేసి తీయడం సరైన దారి. తెరమీద కుడి ఎడమలు అద్దంలోలా తిరగేసి కనిపించేలా అమర్చాలి, లేకపోతే డ్రైవర్ చేయి తప్పు వైపు తిరుగుతుంది. ట్రాలీ వెనక్కి పోయేటప్పుడు స్టీరింగు తిప్పిన వైపుకు ఎదురు తిరుగుతుంది కాబట్టి ఈ తికమక రెట్టింపవుతుంది. ఎత్తి దించే ట్రాలీ అయితే పెట్టె పైకి లేస్తుంది, వెనక డోరు కిందికి పడుతుంది. డోరు మీద బిగించిన కెమెరా తొలి లోడుకే నలుగుతుంది. తీగను ఛాసిస్ వెంట కట్టి, కెమెరాను కదలని ఇనుప స్తంభం మీద ఎత్తున పెట్టాలి. వైర్‌లెస్ కెమెరాలకు హుక్కు బాధ లేదు గానీ, వాటిలో చాలావరకు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగాన్ని ఇనుప గోడలు అడ్డుకుంటాయి. ట్రాలీలో వాటికీ కరెంటు తీగ కావాల్సిందే. మణుగూరు బొగ్గు దుమ్ములోనైనా, ఏజెన్సీ ఎర్రమట్టిలోనైనా ఏ కెమెరా అద్దాన్నైనా రోజూ తుడవాలి.

లాక్కెళ్లే విడిది బండి ఈ ప్రాంతంలో కారవాన్ రూపంలో అరుదు. మన దేశంలో ఇంజినుతో కలిసిన కారవాన్లకే కొంత ఊపు వచ్చింది. అయితే కుటుంబమంతా వంటసామానుతో, పక్కబట్టలతో కదిలే బండి ఇక్కడ ఎప్పటినుంచో ఉంది. ఒకప్పుడు గూడు కట్టిన సవారి కచ్చరం, ఇప్పుడు టార్పాలిన్ పట్టా కప్పిన ట్రాక్టర్ ట్రాలీ. రెండేళ్లకోసారి వచ్చే మేడారం సమ్మక్క సారలమ్మ జాతరకు, ఏటా భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణానికి కుటుంబాలు ఇలాగే కదిలాయి. వ్యవసాయ ట్రాలీలో మనుషుల్ని ఎక్కించడాన్ని చట్టం ఒప్పుకోదు, ఆ నియమం సబబైనదే. కానీ బస్సు అందని గూడేలకు ట్రాలీయే ఆధారమైంది. జాతర తావులో వేలాది బండ్ల మధ్య, గుడారాల మధ్య, నిద్రపోతున్న పిల్లల మధ్య ట్రాలీలు వెనక్కి తిరుగుతాయి. వెనక నిలబడి ‘రానీ’ అనే క్లీనర్ అక్కడ ఉండడు. చాలా ట్రాలీలకు వెనక దీపమే వెలగదు. 1989 కేంద్ర నిబంధనలు కోరిన ఎర్ర రిఫ్లెక్టర్ మట్టి కింద కప్పబడి ఉంటుంది.

కెమెరా కొనే ముందు ట్రాలీ యజమానులు చేయాల్సిన పని ఒకటుంది. ఏడు పిన్నుల సాకెట్ బిగించి, విడిగా ఎర్త్ తీగ లాగి, రెండు వెనక దీపాలు వెలిగించాలి. వెనక వచ్చే బండి ట్రాలీని చూడగలిగిన తరవాతే ట్రాలీ వెనక్కి చూడటం గురించి మాట్లాడుకోవచ్చు. కెమెరా బిగించాక కూడా జనం ఉన్నచోట బండి వెనక్కి తీయాల్సి వస్తే, పక్కకు నిలబడి డ్రైవర్‌కు కనిపించే మనిషి ఒకరు ఉండి తీరాలి.