పెరటి నీరు, ఫ్రెంచిగారి కాలువ

మా అబ్బాయి ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ నగరపు శివారున కొత్త ఇల్లు కొన్నాడు. గృహప్రవేశానికి మేమిద్దరం వెళ్ళాము. ఇల్లు ముచ్చటగానే ఉన్నది. పెరడే దిగులు పుట్టించింది. వాన వెలిసి నాలుగు రోజులైనా ఈశాన్యపు మూల చీలమండ లోతు నీరు కదలక నిలిచి ఉండేది. పచ్చిక కుళ్ళి వాసన వేసేది. కోడలు మనుమడిని గడప దాటనిచ్చేది కాదు. ఈశాన్యాన నీరు శుభమే కదా అని మా ఆవిడ అనబోయి, దోమలను చూసి ఊరుకున్నది.

"నాలుగు లారీల మట్టి తోలించి మెరక చేయించరా" అన్నాను. కృష్ణా డెల్టాలో పుట్టినవానికి తోచే మొదటి ఉపాయం అదే.

"మెరక చేస్తే ఆ నీరు పక్కవాళ్ళ పెరట్లోకి పోతుంది నాన్నగారూ" అన్నాడు వాడు.

ఆ మాట నాకు గుచ్చుకున్నది. నా చిన్నతనంలో మా నాన్నగారు దొడ్డి మెరక చేయించిన ఏడే, వానలకు పక్కింటివారి మట్టిగోడ నాని కూలింది. రెండిళ్ళ మధ్య మాటలు పోయాయి. నేను ఉద్యోగంలో చేరేదాకా మళ్ళీ కలవలేదు. అబ్బాయికి ఈ సంగతి నేనెన్నడూ చెప్పలేదు.

పని చూడవచ్చిన మేస్త్రి 'ఫ్రెంచ్ డ్రెయిన్' వేయాలన్నాడు. ఫ్రాన్సు దేశపు పద్ధతి కాబోలుననుకున్నాను. పిల్లలకు వ్యుత్పత్తులు చెప్పి చెప్పి అలవాటైన బుద్ధి ఊరుకోనిస్తుందా? వెదికితే తేలినదేమంటే, అది దేశం పేరు కాదు, మనిషి ఇంటిపేరు! హెన్రీ ఫ్లాగ్ ఫ్రెంచ్ అనే న్యాయవాది 1859లో పొలాల మురుగునీటి పారుదల మీద ఒక పెద్ద గ్రంథం రాశాడు. ఆ పేరు ఆయన వలన నిలిచిందే. (వాషింగ్టన్‌లోని లింకన్ విగ్రహాన్ని రూపొందించిన శిల్పి డేనియల్ చెస్టర్ ఫ్రెంచ్ ఈయన కొడుకే.) అయితే ఉపాయం ఆయన కనిపెట్టినది కాదు. మూడడుగుల కందకం తవ్వి, సగానికి రాళ్ళు నింపి, పైన మన్ను కప్పమని రోమనుల నాటి కొలుమెల్లా క్రీస్తుశకం మొదటి శతాబ్దిలోనే చెప్పాడు.

తవ్వకం మొదలైన రెండవ నాడు గునపానికి ఎర్రమట్టి గొట్టపు ముక్కలు తగిలాయి. మన పెంకు వంటిదే, కాల్చిన మన్ను. ఇళ్ళు వెలియక మునుపు అది పొలమట; అడుగున బంకమట్టి. నీరు దిగని అటువంటి నేలల కింద రైతులు ఈ గొట్టాలు పరచి నీటిని బయటికి తీసేవారు. ఈ విద్యను అమెరికాకు తెచ్చినవాడు జాన్ జాన్‌స్టన్. స్కాట్లండు నుండి వలస వచ్చి, న్యూయార్క్ రాష్ట్రపు జెనీవా వద్ద వ్యవసాయం చేశాడు. 1835లో స్వదేశం నుండి మాదిరి గొట్టాలు తెప్పించి, స్థానికంగా చేయించి, 1838లో పొలంలో పాతిపెట్టాడు. మట్టిపాత్రలు పూడ్చుకుంటున్నాడని ఇరుగుపొరుగు నవ్వారు. గోధుమ పంట చూశాక నవ్వు ఆగింది. చివరికి 320 ఎకరాలలో 72 మైళ్ళ గొట్టాలు వేశాడు!

మా పెరటిలో నీరు నిలవడానికి కారణం అప్పటికి తెలిసింది. ఇల్లు కట్టేటప్పుడు యంత్రాలు ఆ పాత గొట్టాలను విరగగొట్టాయి. దారి తెగిన నీరు అక్కడే ఆగింది.

మాకు ఈ ఎరుక ఆలస్యంగానే కలిగిందనాలి. కృష్ణ మీద ఆనకట్ట 1855కు పూర్తయింది, పంటకాలువలు వచ్చాయి. మురుగుకాలువల బాగుకై డెల్టాలో ప్రత్యేక పన్ను విధించే చట్టం మాత్రం 1968లో గాని రాలేదు. నీరు తెచ్చుకోవడంలో చూపిన శ్రద్ధ పంపివేయడంలో చూపలేదు. 'మురుగు' అన్న మాటకే కుళ్ళు అని అర్థం కదా. నిలిచిన నీటిని చూచి పెట్టిన పేరు.

కొత్త కాలువకు నూరడుగులకు ఒక అడుగు వాలు ఇచ్చారు. చిల్లుల గొట్టం, చుట్టూ కంకర, మన్ను చొరకుండా గుడ్డ. నీరు ఎక్కడ విడవాలన్న దగ్గర మాత్రం మా అబ్బాయి రెండు రోజులు పని ఆపించాడు. పక్కింటాయనను పిలిచి, కంచె వెంట నడిపించి చూపించి, ఆయన సరేనన్నాకనే వీధి వాననీటి కాలువలోకి కలిపించాడు.

ఆ వారంలోనే పెద్ద వాన కురిసింది. గొడుగు పట్టుకుని వీధిలోకి వెళ్ళాను. గొట్టం కొసన నీరు ధారగా పడుతున్నది. వెనక్కి వచ్చేసరికి పక్కింటాయన కూడా వానలో నిలబడి, తన పెరటి నేలను కాలితో నొక్కి చూసుకుంటున్నాడు. నన్ను చూసి చేయి ఊపాడు.