నిరుద్యోగ భృతిలో పది శాతం: 1931లో బ్రిటిష్ లేబర్ ప్రభుత్వ పతనం

పార్లమెంటరీ వ్యవస్థలో పార్టీ క్రమశిక్షణ అనగానే ముందుగా స్ఫురించేది విప్, అంటే ఏ తీర్మానం మీద ఎటు ఓటు వేయాలో చట్టసభలోని తన సభ్యులకు పార్టీ జారీ చేసే ఆదేశం. కొత్త పథకాలను మంజూరు చేయించడానికీ, ప్రతిపక్షం దాడిని తిప్పికొట్టడానికీ ఈ సాధనం చాలావరకు సరిపోతుంది గాని, ఉన్న ఖర్చును కోయవలసి వచ్చినప్పుడు, అందులోనూ ఆ కోత పార్టీని నిలబెట్టిన వర్గం మీదనే పడేటప్పుడు, విప్‌కు అసలు బలం ఎవరి దగ్గర ఉన్నదనే ప్రశ్న బయటపడుతుంది. 1931 ఆగస్టులో బ్రిటన్‌లో రెండవ లేబర్ ప్రభుత్వం కూలిన తీరులో ఈ ప్రశ్నకు దొరికినంత స్పష్టమైన జవాబు ఆధునిక రాజకీయ చరిత్రలో అరుదు.

1929 జూన్‌లో రామ్సే మెక్‌డొనాల్డ్ ప్రధానమంత్రిగా ఏర్పడిన ఆ ప్రభుత్వానికి కామన్స్ సభలో సొంత మెజారిటీ లేదు. లిబరల్ పార్టీ సభ్యుల సహనం మీద ఆధారపడి అది బతికింది. అధికారం చేపట్టే నాటికి దాదాపు 12 లక్షలుగా ఉన్న నిరుద్యోగుల సంఖ్య ప్రపంచ మాంద్యం ధాటికి 1931 వేసవి నాటికి 27 లక్షలు దాటింది. కార్మికులూ యజమానులూ ప్రభుత్వమూ కలిసి చెల్లించే చందాలతో నడిచే నిరుద్యోగ బీమా నిధి ఆ భారాన్ని మోయలేక ఖజానా నుంచి అప్పు మీద అప్పు తీసుకోసాగింది. పనిలేని వయోజన పురుషుడికి ఈ నిధి నుంచి అందేది వారానికి 17 షిల్లింగులు, భార్య ఉంటే మరో 9, ఒక్కొక్క బిడ్డకు 2 షిల్లింగులు.

ఆర్థికమంత్రి ఫిలిప్ స్నోడెన్ సమతుల బడ్జెట్‌నూ, స్వేచ్ఛా వాణిజ్యాన్నీ, పౌండు విలువను నిర్ణీత బంగారానికి ముడిపెట్టే బంగారు ప్రమాణాన్నీ సిద్ధాంతాలుగా కాక ధర్మాలుగా నమ్మిన సోషలిస్టు. 1931 ఫిబ్రవరిలో లిబరల్ పార్టీ ప్రతిపాదన మేరకు ప్రభుత్వ వ్యయాన్ని తగ్గించే మార్గాలు సూచించడానికి ఒక సంఘాన్ని వేయడానికి ఆయన వెంటనే అంగీకరించాడు. తన మాట వినని సొంత పార్టీని బయటివారి నివేదిక చూపించి దారికి తేవచ్చునన్నది ఆయన ఆలోచన అని చరిత్రకారులు పలువురు భావిస్తారు. ప్రుడెన్షియల్ బీమా సంస్థలో ఉన్నతోద్యోగిగా పదవీ విరమణ చేసిన సర్ జార్జ్ మే అధ్యక్షతన ఏర్పడిన ఆ సంఘం, పార్లమెంటుకు వేసవి సెలవులు మొదలైన వేళ, జూలై నెలాఖరున నివేదికను వెలువరించింది. రానున్న లోటు 12 కోట్ల పౌండ్లని లెక్కగట్టి, సుమారు 9.65 కోట్ల కోతలు సూచించి, అందులో 6.65 కోట్లను నిరుద్యోగ బీమా నుంచే రాబట్టాలని, భృతిని 20 శాతం తగ్గించాలని అది సిఫారసు చేసింది. ఆ 12 కోట్ల లోటులో సుమారు 5 కోట్లు సింకింగ్ ఫండ్, అంటే పాత ప్రభుత్వ రుణాలను తీర్చడానికి ఏటా పక్కన పెట్టే సొమ్ము. మాంద్యం నడుమ ఆ సొమ్మును కూడా లోటులో కలిపి చూపడం లెక్కల పద్ధతి ప్రకారం తప్పు కాకపోవచ్చు గాని, ఫలితాన్ని బట్టి చూస్తే అది బ్రిటన్ తన దివాళాను తానే చాటింపు వేసుకోవడమే అయింది. అప్పటికే మే నెలలో వియన్నాలోని క్రెడిటాన్‌స్టాల్ట్ బ్యాంకు కూలి, జూలైలో జర్మనీ బ్యాంకులు మూతపడి, లండన్ నుంచి విదేశీ పెట్టుబడులు తరలిపోతుండగా ఈ నివేదిక మంటకు గాలి తోడైనట్లయింది.

ఆగస్టులో మెక్‌డొనాల్డ్, స్నోడెన్, ఆర్థర్ హెండర్సన్, జె.హెచ్. థామస్, విలియం గ్రాహం అనే ఐదుగురు మంత్రుల ఉపసంఘం కోతల జాబితా తయారు చేయగా, 19వ తేదీన మంత్రివర్గం పొద్దుపోయేదాకా కూర్చుని సుమారు 5.6 కోట్ల పౌండ్ల కోతలకు ఒప్పుకుంది. ఉపాధ్యాయుల జీతాల్లో 15 శాతం కోత కూడా వాటిలో ఉంది. భృతి రేటును మాత్రం ముట్టుకోలేదు. ఆ మొత్తం చాలదని కన్సర్వేటివ్, లిబరల్ నాయకులు తేల్చిచెప్పారు. మరుసటి రోజు కార్మిక సంఘాల సమాఖ్య అయిన ట్రేడ్స్ యూనియన్ కాంగ్రెస్ జనరల్ కౌన్సిల్‌కు ఈ సంగతి వివరించినప్పుడు వాల్టర్ సిట్రిన్, ఎర్నెస్ట్ బెవిన్ ప్రభృతులు కోతలను దాదాపుగా మొత్తంగానే తోసిపుచ్చి, సింకింగ్ ఫండ్ చెల్లింపులు ఆపమనీ, స్థిర వడ్డీ ఆదాయాల మీద పన్ను వేయమనీ ఎదురు సూచనలు చేశారు. లేబర్ పార్టీ పుట్టిందే ఈ సంఘాల చేతుల్లో; పార్టీ నిధుల్లో పెద్దవాటా వాటిది, వార్షిక మహాసభలో లక్షల సభ్యుల తరఫున గంపగుత్తగా ఓటు వేసే హక్కూ వాటిదే. లండన్ బ్యాంకర్లకూ ఈ సంఘాలకూ మధ్య మంత్రివర్గం అడకత్తెరలో పోకచెక్క అయింది.

ఆగస్టు 23 ఆదివారం నాడు, భృతిలో 10 శాతం కోతతో కూడిన పథకాన్ని చూసి పౌండును నిలబెట్టేందుకు న్యూయార్క్ బ్యాంకులు అప్పు ఇస్తాయా లేదా అన్న తంతి కోసం మంత్రులు డౌనింగ్ స్ట్రీట్‌లోని ప్రధాని నివాసపు తోటలో ఎదురుచూస్తూ గడిపారు. రాత్రి తొమ్మిది దాటాక బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ డిప్యూటీ గవర్నర్ ఎర్నెస్ట్ హార్వే తెచ్చిన జవాబులో, ఈ పథకానికి లండన్ ఆర్థిక వర్గాల మనస్ఫూర్తి ఆమోదం ఉందా అన్న ప్రశ్న కూడా ఉంది. కోతకు 11 మంది మంత్రులు సరే అన్నారు, 9 మంది కాదన్నారు. కాదన్నవారిలో విదేశాంగ మంత్రి, పార్టీ కార్యదర్శి అయిన హెండర్సన్ ఉన్నందువల్ల, ఓట్ల లెక్కలో గెలిచిన పక్షానికి పరిపాలన సాగించే వీలు లేకపోయింది. 17 షిల్లింగులు 15 షిల్లింగుల 3 పెన్నీలు కావడమా కాకపోవడమా అన్నంత చిన్న తేడా మీద ఒక ప్రభుత్వం పోయింది. కాని వారానికి 1 షిల్లింగు 9 పెన్నీలు ఎంత చిన్న మొత్తమన్నది ఎవరి ఇంటి నుంచి లెక్కిస్తున్నామన్న దాని మీద ఆధారపడుతుంది.

మరుసటి రోజు ఐదవ జార్జ్ రాజు ప్రోద్బలంతో మెక్‌డొనాల్డ్ అన్ని పక్షాలతో కూడిన నేషనల్ గవర్నమెంటుకు ప్రధాని అయ్యాడు. పార్టీ ఆయన వెంట వెళ్లలేదు. సెప్టెంబరు 8న విశ్వాస తీర్మానం మీద కొత్త ప్రభుత్వం 309-249 ఓట్లతో గెలిచినప్పుడు, లేబర్ సభ్యుల్లో దానికి ఓటు వేసినవారు పన్నెండుమందే. పార్టీని దాని చిన్ననాటి నుంచి పెంచిన నాయకుడు పిలిస్తే గుప్పెడుమంది మాత్రమే కదలడం, క్రమశిక్షణ నాయకుడి సొత్తు కాదనీ, అభ్యర్థులను నిలబెట్టి ఎన్నికల ఖర్చు భరించే సంస్థ సొత్తనీ రుజువు చేసింది. సెప్టెంబరు చివర పార్టీ జాతీయ కార్యవర్గం ఆయనను బహిష్కరించింది. అయితే హెండర్సన్ వర్గం కూడా ఆగస్టులో 5.6 కోట్ల కోతలకు తలూపినవారే. ప్రతిపక్ష బెంచీల మీదికి మారిన కొద్ది రోజులకే ఆ ఒప్పుదలను మరుగున పెట్టి మొత్తం కోతలను ఖండించడం, ఎంత సానుభూతితో చూసినా, సిద్ధాంత నిబద్ధత అనిపించుకోదు.

కొత్త ప్రభుత్వానికి సభలో బలం ఉన్నంత మాత్రాన కోతలు నల్లేరు మీద నడక కాలేదు. సెప్టెంబరు 10న స్నోడెన్ తన అత్యవసర బడ్జెట్‌లో సుమారు 7 కోట్ల పౌండ్ల కోతలు ప్రకటించి, ఆదాయపు పన్నును పౌండుకు 5 షిల్లింగులకు పెంచాడు. లేబర్ మంత్రివర్గం ఒప్పుకున్న దానికీ దీనికీ మధ్య తేడాలో ప్రధాన భాగం భృతి కోతదే. పాత జీతపు రేటు మీద ఉన్న సాధారణ నావికుడికి రోజుకు 4 షిల్లింగులు 3 అవుతాయన్న వార్త, అంటే 25 శాతం కోత, స్కాట్లండ్‌లోని ఇన్వర్‌గోర్డన్ రేవులో నిలిచిన అట్లాంటిక్ నౌకాదళానికి పత్రికల ద్వారా చేరింది. సెప్టెంబరు 15, 16 తేదీల్లో వేలాది నావికులు ఓడలను కదలనివ్వకపోవడంతో ప్రభుత్వం వెనక్కు తగ్గి, నావికులకూ ఉపాధ్యాయులకూ కోతను 10 శాతానికి పరిమితం చేసింది. రేవులోని కలకలంతో విదేశీ పెట్టుబడుల పరుగు మరింత పెరిగి, సెప్టెంబరు 21న బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదులుకుంది. ఏ పౌండును కాపాడటానికని ఒక ప్రభుత్వాన్ని బలిచ్చారో ఆ పౌండును నెల తిరగకుండానే వదిలేసిన తరువాత కూడా కోతలు మాత్రం కొనసాగాయి.

ఇదే సంక్షోభం భారతదేశానికి చేరిన తీరు వేరు. రూపాయిని 18 పెన్నీల రేటుకు స్టెర్లింగ్‌తోనే ముడివేసి ఉంచి, వైస్రాయ్ మండలిలోని ఆర్థిక సభ్యుడు జార్జ్ షుస్టర్ సెప్టెంబరు నెలాఖరులోనే అనుబంధ బడ్జెట్ తెచ్చి, పన్నుల మీద సర్‌చార్జీలు వడ్డించి, ఉద్యోగుల జీతాల్లో 10 శాతం కోత ప్రతిపాదించాడు. కేంద్ర శాసనసభ ఆ ఫైనాన్స్ బిల్లును తిరస్కరించినా వైస్రాయ్ విల్లింగ్‌డన్ తన విశేషాధికారంతో దానిని ధ్రువీకరించాడు. సభకు జవాబుదారీ కాని ప్రభుత్వానికి కోత కోయడంలో విప్ అవసరమే పడలేదు.

1931 అక్టోబరు 27 ఎన్నికల్లో నేషనల్ గవర్నమెంటు పక్షాలు 554 స్థానాలు గెలవగా, లేబర్ బలం 52కు పడిపోయింది. హెండర్సన్ కూడా ఓడిపోయాడు. మిగిలిన పార్టీ తన కట్టుబాట్లను ఇంకా బిగించింది. పార్లమెంటరీ పార్టీ నిర్ణయానికి వ్యతిరేకంగా ఓటు వేయరాదని శాసించే స్టాండింగ్ ఆర్డర్స్ అనే నియమావళిని ఒప్పుకోవడానికి జేమ్స్ మాక్స్‌టన్ నాయకత్వంలోని ఇండిపెండెంట్ లేబర్ పార్టీ నిరాకరించి, 1932 జూలైలో లేబర్ పార్టీ నుంచి విడిపోయింది. మెక్‌డొనాల్డ్ ఆర్థిక విధానాన్ని మిగతా పార్టీ కన్నా ముందుగా, ఆయన అధికారంలో ఉండగానే, సభలో ఎదిరించినవారు వీరే. 1933 హేస్టింగ్స్ మహాసభ, ఇకపై మైనారిటీ ప్రభుత్వం ఏర్పాటు చేయాలా వద్దా అన్నది నాయకుడు ఒంటరిగా తేల్చరాదని నిర్దేశించింది. నిరుద్యోగ భృతిలో కోసిన 10 శాతాన్ని 1934లో తిరిగి ఇచ్చినది ఆ పార్టీ కాదు, కన్సర్వేటివ్ ఆర్థికమంత్రి నెవిల్ ఛాంబర్లేన్.