చలి, చెమట, బనీను

విశాఖపట్నంలో పుట్టి పెరిగిన విద్యార్థికి చలి అనగా పుష్యమాసపు తెల్లవారుజాము మాత్రమే. కాని ఆ నగరానికి సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, చింతపల్లి మండలంలో, లంబసింగి అనే గ్రామమున్నది. సముద్రమట్టానికి దాదాపు 1,000 మీటర్ల ఎత్తు. కొన్ని సంవత్సరాలలో అక్కడి ఉష్ణోగ్రత సున్న డిగ్రీల దాపునకు దిగుతుంది. కొర్రబయలు అని దానికి మరో పేరు కలదు. రాత్రి బయట ఉండిపోయినవాడు తెల్లవారేసరికి కొర్రవలె, అనగా కర్రవలె, బిగుసుకుపోతాడని ఆ పేరుకు అర్థం చెబుతారు.

పొగమంచు చూడబోయే పిల్లలు నూలు బనీను మీద దళసరి స్వెట్టరు తొడుగుకొంటారు. చెరువులవేనం కొండ ఎక్కేటప్పుడు చెమట పడుతుంది. పైన కూర్చున్న కొద్దిసేపటికే వణుకు పుడుతుంది. స్వెట్టరు చాలలేదనుకొంటారు. దోషం స్వెట్టరుది కాదు, బనీనుది.

నూలు నీటిని పీల్చి పట్టి ఉంచుతుంది. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం కావాలి. అందులో చాలాభాగం శరీరమే ఇచ్చుకోవాలి. పైగా నిశ్చలమైన గాలికంటె నీరు ఇరవై రెట్లకు పైగా ఉష్ణవాహకం. వేసవిలో హాయినిచ్చే గుణమే చలికొండపై గండమవుతుంది. దేహపు లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలకు దిగువైతే ప్రాణాపాయం మొదలైనట్లే.

ఈ సంగతి తెలిసివచ్చిన తీరు చిత్రమైనది. జర్మనీలో గుస్తావ్ యేగర్ అనే జంతుశాస్త్రాచార్యుడు, ఒంటికి ఉన్ని మాత్రమే తగునని, నూలు, నార హానికరమని 1880లో ఒక గ్రంథం ప్రచురించాడు. మన వేసవిని ఆయన ఎరుగడు, పాపం! ఆ సిద్ధాంతం నిలువలేదు గాని, చలిదేశాలలో సలహా ఫలించింది. ఉన్ని తన బరువులో సుమారు మూడవవంతు తేమను, తడి తోచనీయకుండానే పీల్చుకొంటుంది. అప్పుడు కొంత వేడి కూడా పుడుతుంది. మన గొల్లలు, కురుమలు గొంగళి కప్పుకొని వానలో మందలు కాసినది ఈ గుణం వల్లనే. వారికి ఏ ఆచార్యుడూ చెప్పలేదు.

1924లో ఎవరెస్టు మీద మరణించిన జార్జి మేలరీ దేహం 1999లో దొరికినప్పుడు, దానిపై పట్టు, నూలు, ఉన్ని పొరలుపొరలుగా కనిపించాయి. విశాఖ ఓడరేవు ప్రారంభమైన 1933లోనే, నార్వే సైన్యాధికారి హెన్రిక్ బ్రూన్ చేపల వలలను కత్తిరించి బనీను కుట్టించాడు. వలకన్నులలో వెచ్చని గాలి నిలుస్తుంది, చెమట ఆవిరి బయటికి పోతుంది. మన జాలరిపేటలలో ఆరవేసిన వలను చూచి ఎవరికీ ఈ ఊహ రాలేదంటే, ఇక్కడ దాని అవసరమే లేదు గదా!

1970 తరువాత పాలీప్రొపిలీన్ లోదుస్తులు వ్యాపించాయి. ఆ దారం నీటిని దాదాపు పీల్చదు. చెమటను పైపొరకు దాటవేస్తుంది. అయితే త్వరగా కంపు కొడుతుంది, నిప్పు తగిలితే కరుగుతుంది. చలిమంట దగ్గర జాగ్రత్త అవసరం.

మేలరీ వెళ్లిన ఉత్తరపు వైపునుండే 2014 మే 25న తెలుగు విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్‌కుమార్ ఎవరెస్టు శిఖరం చేరారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేండ్లు నిండలేదు.

లంబసింగికి అంత సరంజామా అక్కరలేదు. సంచిలో పొడి బనీను ఒకటి ఉంచుకొని, కొండపైకి చేరగానే మార్చుకొంటే సరిపోతుంది. ఆ చలిలో స్వెట్టరు విప్పడానికే చాలామంది జంకుతారు.