గోల్కొండ బాటలో రాత్రి బస

నానక్‌రామ్‌గూడలో గదులు అద్దెకివ్వడం మా ఇంటి బతుకుదెరువు. మా దగ్గర ముఖ్యంగా రెండు రకాల వాళ్ళు దిగుతారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరి, హాస్టలో ఫ్లాటో దొరికేదాకా తలదాచుకునే పిల్లలు కొందరు. అమెరికా కాన్సులేట్‌లో వీసా ఇంటర్వ్యూకి వచ్చేవాళ్ళు మరికొందరు. 2023 మార్చిలో కాన్సులేట్ బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి మా దగ్గరికి మారింది. అప్పటినుంచి శ్రీకాకుళం, కడప, ఒడిశా వైపు నుంచి కూడా ముందురోజు సాయంత్రానికే చేరుకుంటున్నారు. లోపలికి ఫోన్లు, పెద్ద బ్యాగులు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి అవి మాకు అప్పజెప్పి వెళ్తారు. పడుకోవడానికి శుభ్రమైన చోటు, తెల్లవారకముందే వేడినీళ్ళు, సామానుకు పూచీ. బస ఇచ్చేవాళ్ళు చూసుకోవలసినవి ఇవే. సుమారు 400 ఏళ్ళ కింద ఈ చుట్టుపక్కలే ఒక రాతి కట్టడం ఇదే పని చేసేది. అది షేక్‌పేట సరాయి.

మా ఊరి నుంచి ఖాజాగూడ గుట్టలు దాటి పాత ముంబై రోడ్డు పట్టుకుంటే ఆరేడు కిలోమీటర్లలో వస్తుంది. 1626 నుంచి 1672 దాకా గోల్కొండను ఏలిన అబ్దుల్లా కుతుబ్‌షా కాలం నాటిది. రెండంతస్తులు, సుమారు 30 గదులు, గుర్రాలకూ ఒంటెలకూ సాలలు, ఆవరణలో ఒక మసీదు, పేరు తెలియని ఒక సూఫీ సమాధి. గోడల మందం, కమానుల వరస చూస్తే వృత్తిలో ఉన్నదాన్ని కాబట్టి నాకు వెంటనే కొన్ని సంగతులు అర్థమయ్యాయి. మనిషికి, పశువుకు, సామానుకు, ప్రార్థనకు విడివిడిగా చోటు చూపించారు. దూరం నడిచొచ్చిన బాటసారికి ముందు ఏది కావాలో తెలిసినవాళ్ళే ఆ నక్షా గీసి ఉంటారు.

ఆ గదుల్లో దిగినవాళ్ళు ఎలాంటివాళ్ళో ఊహించడం కష్టం కాదు. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల వజ్రాలు, మచిలీపట్నం కలంకారీ బట్టలు, ఇందల్వాయి వైపు నుంచి ఉక్కు: ఇవన్నీ గోల్కొండ వర్తకుల చేతుల మీదుగా పోయేవి. ఫ్రెంచి వజ్రాల వ్యాపారి తావెర్నియె గోల్కొండకు ఒకటికి రెండుసార్లు వచ్చాడు. కోటకు పోయే దారిలోని పేటలో వర్తకులు, దళారులు, చేతిపనివాళ్ళు కాపురముంటారనీ, అక్కడి రెండు మూడు మసీదులే పరదేశులకు సరాయిలుగా ఉపయోగపడుతున్నాయనీ రాసుకున్నాడు. ఆ పేటే ఇప్పటి కార్వాన్. వేల ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ నడిచే బంజారాల గురించి కూడా ఆయన వివరంగా చెప్పాడు. వజ్రాల సంచీ నడుముకు కట్టుకున్నవాడూ ఉప్పు బస్తాలు తోలుకొచ్చినవాడూ నడిచింది ఒకే బాట మీద.

బాటసారిని ఆదుకోవడం కుతుబ్‌షాహీలతో ఈ నేలకు వచ్చిన ఆచారం కాదు. కాకతి రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనంలో అన్నసత్రం ఉంది, ప్రసూతిశాల ఉంది, వాటిని నడపడానికి ఇచ్చిన భూముల వివరం ఉంది. వచ్చినవాళ్ళకు కులం అడగకుండా అన్నం పెట్టాలని రాతి మీద చెక్కించారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ భూముల లెక్క. సత్రం కట్టించడం ఒక దాత చేయగలడు. అది రోజూ నడవాలంటే దానికంటూ ఒక రాబడి ఉండాలని ఆనాడే గ్రహించారు.

మరి షేక్‌పేట సరాయి ఎందుకు పాడుబడింది? గోల్కొండ 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు వశమైంది. రాజధాని హోదా పోయింది, కోటను నమ్ముకున్న వర్తకం చెదిరింది. తర్వాత అసఫ్‌జాహీ నిజాముల కాలంలో హైదరాబాద్ మళ్ళీ రాజధాని అయ్యింది గానీ, బాటసారి నడక రోజులకు రైలు ముగింపు పలికింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1907లో నాంపల్లి స్టేషన్ వచ్చింది. ఆ స్టేషన్‌లో దిగేవాళ్ళ కోసం 1919లో నాంపల్లి సరాయి కట్టారు. అంటే బస ఇచ్చే ఆచారం చావలేదు, రైలు ఎక్కడ ఆగితే అక్కడికి మారింది. పాత బాట మీది సరాయికి మాత్రం అతిథులు లేకుండా పోయారు. నాంపల్లి సరాయి కూడా ఆ తర్వాత ఆదరణ లేక శిథిలమైంది.

పొయ్యి రాజేయని ఇల్లు నిలవదని మా అత్తమ్మ అంటుండేది. జపాన్ పల్లెల్లో ఇది అక్షరాలా నిజం. అక్కడి పాత రెల్లుకప్పు ఇళ్ళలో నడిమధ్య నేలలోనే పొయ్యి ఉంటుంది. దాని పొగ రోజూ కప్పుకు పడితేనే రెల్లుకు పురుగు పట్టదు, చెమ్మ ఆరుతుంది. మనుషులు వెళ్ళిపోతే కప్పు కుళ్ళి ఇల్లు కూలుతుంది. 2023 లెక్కల ప్రకారం ఆ దేశంలో 90 లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి. అమెరికా నుంచి వెళ్ళిన రచయిత అలెక్స్ కెర్ 1973లో ఇయా లోయలో పాడుబడ్డ అలాంటి రైతు ఇల్లు ఒకటి కొని, కప్పు మళ్ళీ వేయించి నిలబెట్టాడు. ఇప్పుడు అందులో అతిథులు బస చేస్తారు, వాళ్ళిచ్చే అద్దె ఇంటి మరమ్మతుకు ఆదరువవుతుంది. 1261 నాటి శాసనం భూములిచ్చి చేసిన ఏర్పాటును అక్కడ అద్దె చేస్తోంది.

మన రాతి కట్టడాలకు పొగ అక్కర్లేదు, కనిపెట్టుకుని ఉండే మనుషులు కావాలి. పైకప్పు సందులో రావిమొక్క మొలిచినరోజే ఎవరైనా చూస్తే చేత్తో పీకేయొచ్చు. పదేళ్ళు వదిలేస్తే వేరు కమానునే చీలుస్తుంది. మరమ్మతు కూడా తెలిసినవాళ్ళే చేయాలి. ఆ గోడలు డంగు సున్నంతో కట్టినవి. కాల్చిన సున్నాన్ని నానబెట్టి, ఇసుకతో కలిపి గానుగలో మెత్తగా రుబ్బి, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి తయారుచేస్తారు. సున్నం గోడలోని చెమ్మను బయటికి వదులుతుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే చిక్కి రాయిని తినేస్తుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలై 2024లో ముగిసిన పనిలో ఆగాఖాన్ ట్రస్టు వాళ్ళు మునుపటి మరమ్మతుల సిమెంటును ఓపిగ్గా ఒలిపించి, మళ్ళీ సున్నమే వేయించారు. ఆ చేతిపని తెలిసిన మేస్త్రీలు ఈ ఊళ్ళో ఉన్నారు. సరాయికి కావలసిన నైపుణ్యం కూతవేటు దూరంలోనే ఉంది.

పాత భవనానికి అతిథులతో ప్రాణం పోయవచ్చని కూడా హైదరాబాద్ చూసింది. పైగా ప్రభువు వికార్-ఉల్-ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా ప్యాలెస్, ఆరో నిజాం చేతికి వచ్చాక, రాచ అతిథిగృహమైంది. తర్వాత చాలాకాలం మూతపడి, పదేళ్ళ పనితో 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. ఆ పని గొప్పది, భవనం బతికింది. కానీ ఫలక్‌నుమా మొదటినుంచీ గొప్పవాళ్ళ విడిది. సరాయి దారినపోయేవాళ్ళది. దాన్ని బాగుచేసి లక్షాధికారులకు అప్పజెబితే రాళ్ళు మిగులుతాయి, ఆచారం పోతుంది.

అందుకే నా కోరిక సూటిగా చెబుతాను. షేక్‌పేట సరాయి గదుల్లో మళ్ళీ మనుషులు పడుకోవాలి. రక్షిత కట్టడం కాబట్టి గోడలకు ఒక్క మేకు కూడా కొట్టకుండా, స్నానాల గదులు, వంటశాల ఆవరణ బయట విడిగా కట్టాలి. కింది అంతస్తు గదులను ఉద్యోగాల ఇంటర్వ్యూలకు ఒంటరిగా వచ్చే ఆడపిల్లలకు, పై అంతస్తు గదులను వీసాల కోసం, ఆస్పత్రుల కోసం వచ్చే కుటుంబాలకు ఇవ్వాలి. అద్దె మామూలు హాస్టల్ రేటును మించకూడదు. అందులో కొంత భాగం సున్నం మేస్త్రీల జీతాలకని విడిగా తీసిపెట్టాలి. నా గదులకు గిరాకీ తగ్గుతుందని నాకు తెలుసు. అయినా మా వృత్తికి ఈ చోట పునాది వేసింది ఆ సరాయే. అది తెరుచుకున్నరోజు మా దగ్గరికి ఫోన్ చేసేవాళ్ళకు ముందు దాని దారే చెబుతాను.