ఆటల సభకు పిలుపు, పంక్తిలో చోటు: బాంక్వెట్ పుట్టుపూర్వోత్తరాలు

చైత్ర పున్నమి రాత్రి బెంగళూరు పాతపేటకు నిద్ర ఉండదు. తిగళరపేట ధర్మరాయస్వామి గుడి నుంచి మల్లెపూల కరగ కదులుతుంది. చుట్టూ కత్తులు పట్టిన వీరకుమారులు. దారి పొడుగునా అరవంటిగెలు (చలివేంద్రాలు) వేసి పానకం, మజ్జిగ, కోసంబరి వచ్చినవాళ్లందరికీ పంచుతారు. ఊరేగింపు కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గాకు వెళ్లి, అక్కడ ఆగి, ముందుకు సాగుతుంది. కరగ అంటే ద్రౌపది. ఆమె ఒక సూఫీ దర్గాలో అడుగుపెట్టి వెళ్లడం తరతరాల ఆచారం.

ఆ ద్రౌపది కష్టాలకు మొదలు ఎక్కడని వెతికితే, ఆటల సభకు వచ్చిన ఒక ఆహ్వానం కనిపిస్తుంది. కొత్తగా కట్టిన సభను చూసి, సరదాగా జూదమాడి వెళ్లమని ధృతరాష్ట్రుడు విదురుడి చేత కబురు పంపాడు. జూదం కీడు చేస్తుందని ధర్మరాజుకు తెలుసు. కబురు తెచ్చిన విదురుడికీ తెలుసు. అయినా పిలిస్తే వెనుదీయనన్న నియమం ధర్మరాజును హస్తినకు నడిపించింది. ఆ రాత్రి పాండవులు అక్కడ భోంచేసి నిద్రపోయారు. పాచికలు కదిలింది మర్నాడు. పందెం కంటే ముందు పంక్తి పడింది.

ఆటల సభకు వెళ్లాలా, అక్కడి విందులో కూర్చోవాలా అన్న తర్జనభర్జన అంత పాతది. ఇప్పుడది రిజిస్ట్రేషన్ ఫారంలో ఒక గడిగా మారింది. బోర్డు గేములవైనా, వీడియో గేములవైనా, కొన్ని సమావేశాల్లో ప్రవేశానికి ఒక టికెట్టు, రాత్రి విందుకు మరొకటి. అలాంటి సమావేశానికని బెంగళూరు మెజెస్టిక్‌లో రైలు దిగి కాటన్‌పేట లాడ్జిలో గది తీసుకున్న కుర్రాడికి ఆ రెండో టికెట్టు డబ్బు ఇంకో రాత్రి గది అద్దెకు సరిపోవచ్చు. అతని సందేహం పిసినారితనం కాదు. ఆ గడి వెనుక ఉన్న చరిత్ర తెలిస్తే ఆ సందేహానికి విలువ తెలుస్తుంది.

నీళ్లకూ రుసుమే

ఆట జరిగేచోట వసతికి వెల కట్టడం మన దేశంలో చాలా పాత పద్ధతి. కౌటిల్యుని అర్థశాస్త్రం జూదశాలలకు ఒక అధ్యక్షుణ్ణి పెట్టింది. గెలిచినవాడి సొమ్ములో నూటికి 5 వంతులు రాజ్యానికి చెల్లాలి. పాచికలకు అద్దె, చోటుకు రుసుము, తాగే నీళ్లకు కూడా రుసుము. ఈనాటి టికెట్ల లెక్కకు పూర్వరూపం అక్కడే ఉంది.

రాజుల కొలువులో లెక్క వేరు. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు కూర్చిన మానసోల్లాసం రాజభోగాలలో భోజనాన్ని విపులంగా వర్ణించింది. ఆ గ్రంథంలోనే మరోచోట పాచికలాట, గవ్వలాట వంటి క్రీడలకు స్థానం దక్కింది. కన్నడ నేలను ఏలిన రాజుకు వంటా ఆటా రెండూ శాస్త్రం రాయదగ్గ విషయాలే. కానీ అక్కడ ఎవరు కూర్చోవాలో తేల్చేది రాజు పిలుపు.

ప్రాచీన గ్రీసులో విందు గెలుపుకు గుర్తు. ఒలింపియాలో విజేతలకు ప్రిటనేయాన్ అనే భవనంలో భోజనం పెట్టేవారు. ఓడినవాడికి ఆ గదిలో చోటు లేదు. ఈనాటి పురస్కారాల విందు ఈ ఒలింపియా గదికి వారసురాలే.

తెలుగు ఇళ్లలో మాత్రం మరో దారి ఉంది. శివరాత్రి జాగారంలో పచ్చీసు, అష్టాచెమ్మా, వైకుంఠపాళి పరచుకుని తెల్లవార్లూ ఆడేవారు. ఉపవాసం కనుక ఆ రాత్రి విందు లేదు. మర్నాడు పారణ వేళకు ఆడినవాళ్లంతా ఒకే వరసలో కూర్చునేవారు. నిచ్చెనలెక్కి పరమపదం చేరినవాడికీ, పాము నోట పడి కిందికి జారినవాడికీ ఒకే అన్నం.

డాలరు విందు

టికెట్టు పెట్టి అమ్మే బాంక్వెట్ ఆటల సమావేశాలకు వారసత్వంగా వచ్చింది వాటికంటే ముందు పుట్టిన వైజ్ఞానిక కాల్పనిక సాహిత్యాభిమానుల సభల నుంచి. 1939 జులై 2న న్యూయార్క్‌లో మొదటి ప్రపంచ సభ మొదలైంది. సుమారు 200 మంది వచ్చారు. పత్రికల ముఖచిత్రాలు గీసిన ఫ్రాంక్ ఆర్. పాల్ ముఖ్య అతిథి. ఆయన గౌరవార్థం విందు పెట్టి, మనిషికి 1 డాలరు ధర కట్టారు. కూర్చున్నది 32 మంది. అప్పుడు అమెరికాలో చట్టం ప్రకారం కనీస వేతనం గంటకు 25 సెంట్లు. అంటే ఆ భోజనం నాలుగు గంటల కూలి. వచ్చినవాళ్లలో ఎక్కువమంది చేతిలో చిల్లర తప్ప లేని కుర్రాళ్లు. అభిమానం తక్కువై ఆగినవాళ్లు కారు.

1953లో ఫిలడెల్ఫియా సభలో ఈ సాహిత్యానికిచ్చే హ్యూగో పురస్కారాలు మొదలయ్యాయి. ప్రసంగాలూ పురస్కారాలూ విందు గదిలోకి చేరడంతో టికెట్టు విలువే మారిపోయింది. డబ్బు చెల్లించేది కూరకూ రొట్టెకూ కాదు, ఆ గదిలో పలికే మాటకు.

ఈ పద్ధతి ఎంత దూరం పోతుందో 1956లో తేలింది. న్యూయార్క్ బిల్ట్‌మోర్ హోటల్లో సభ. ఆర్థర్ సి. క్లార్క్ ముఖ్య అతిథి, కార్టూనిస్టు అల్ క్యాప్ వక్త. విందు ఖరీదు భరించలేని అభిమానులు బయట తిని వచ్చి, బాల్కనీలో కూర్చుని ప్రసంగాలు వినాలనుకున్నారు. అక్కడ కూర్చోవడానికి వీల్లేదని అధ్యక్షుడు డేవ్ కైల్ చెప్పారంటూ వాళ్లను అడ్డుకున్నారు. భద్రతా నిబంధనల వల్లే అలా చేయాల్సి వచ్చిందన్నది నిర్వాహకుల వివరణ. కారణం ఏదైనా, ఆ మాట అభిమానుల్లో దశాబ్దాలపాటు నిలిచిపోయింది. తర్వాతి కాలంలో పురస్కారాల సభను భోజనం బల్ల నుంచి విడదీసి అందరికీ తెరిచారు. ఆ సభలు చేసిన మంచి మార్పుల్లో నేను దీన్ని ముందు వరసలో పెడతాను.

ఆటల సమావేశం మరింత నిరాడంబరంగా పుట్టింది. 1967లో గ్యారీ గైగాక్స్ అమెరికాలోని లేక్ జెనీవాలో తన ఇంటికి మిత్రులను యుద్ధక్రీడలు ఆడేందుకు పిలిచాడు. మరుసటి ఏడాది ఆగస్టులో 50 డాలర్ల అద్దెకు హార్టికల్చరల్ హాలు తీసుకుంటే సుమారు 100 మంది వచ్చారు. అదే జెన్‌కాన్. ఇప్పుడది ఇండియానాపోలిస్‌లో పదుల వేలమందితో జరుగుతోంది. జర్మనీలోని ఎస్సెన్ ఆటల మేళా కూడా 1983లో ఒక పత్రిక పాఠకుల కలయికగానే మొదలైంది. ఈ సభలను పెంచింది విందు బల్ల కాదు, ఆట బల్ల. ముక్కూ మొహం తెలియని నలుగురిని ఒకచోట కూర్చోబెట్టే పని అక్కడ ఆటే చేస్తుంది.

మన సభల్లో మొదటి సాయంత్రం

తెలుగువాళ్లకు బాంక్వెట్ బాగా పరిచయమైంది అమెరికా సభల వల్ల. 1977లో న్యూయార్క్ సమావేశంతో ఉత్తర అమెరికా తెలుగు సంఘం, తానా, మొదలైంది. అలాంటి పెద్ద సభల్లో తొలి సాయంత్రం బాంక్వెట్ జరగడం ఆనవాయితీ అయింది. దాతలకు, పురస్కార గ్రహీతలకు ఆ రాత్రి పెద్దపీట. చదరంగం, క్యారమ్స్, పేకాట పోటీలు కూడా ఇలాంటి సభల చుట్టూ నడుస్తుంటాయి. కొత్తగా ఉద్యోగంలో చేరిన జంట పిల్లలతో వెళ్లాలనుకుంటే, మొదటి రాత్రికి వెళ్లాలా, మర్నాటి నుంచి వెళ్తే చాలదా అని ఇంట్లో లెక్క వేసుకోవలసిందే.

పంక్తిలో కూర్చోవడం అంటే ఎవరి పక్షాన ఉన్నామో చాటడమని తెలుగు నేలకు బాగా తెలుసు. 1881 డిసెంబర్ 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు, ఆ పెళ్లికి వెళ్లి భోంచేసినవాళ్లను సంఘం వెలివేసింది. ఆ రోజు విస్తరి ముందు కూర్చోవడానికి డబ్బు అక్కర్లేదు, గుండె కావాలి. ఈ రోజు గుండె ఉన్నవాళ్లకు డబ్బు అడ్డం కావడం న్యాయం కాదు.

వెళ్లాలా, వద్దా?

ఈ కథంతా చూశాక నాకు తోచిన నిర్ణయం చెబుతాను. గదిలో గొప్ప వక్త ఉన్నాడని మాత్రమే అయితే అప్పు చేసి వెళ్లకండి. పగలంతా ఆట బల్లల దగ్గర అదే మనిషి తీరుబడిగా దొరికే అవకాశం ఉంది. కొత్తవాళ్ల పక్కన కూర్చుని మాట కలపాలని ఉంటే, చేతిలో డబ్బు ఆడుతుంటే, తప్పకుండా వెళ్లండి. తెచ్చుకున్న మిత్రబృందంతోనే ఒక బల్ల నింపుకుని కూర్చుంటే మాత్రం ఆ టికెట్టు వృథా. మొహమాటం కొద్దీ వెళ్లాల్సిన పని అసలు లేదు. పిలుపును కాదనలేని నియమం ఎంత నష్టం తెస్తుందో సభాపర్వం చెప్పనే చెప్పింది.

నిర్వాహకులకు ఒక విన్నపం. విందుకు ధర పెట్టండి, తప్పులేదు, వంటకు ఖర్చవుతుంది. ప్రసంగాన్నీ పురస్కారాలనూ మాత్రం ఆ ధరలో కలపకండి. వాటిని పగటిపూట తెరిచిన హాల్లో జరపండి. ఆడటానికి వచ్చినవాడికి వినే హక్కు ప్రవేశ టికెట్టుతోనే రావాలి. ఆ తర్వాత రాత్రి భోజనానికి ఎవరు వచ్చినా ఇష్టంతో వస్తారు, రానివాళ్లు చిన్నబోకుండా నిద్రపోతారు.